బేస్‌బాల్ బ్యాటింగ్: ఏ లోపానికి ఏ సాధన

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బేస్‌బాల్ బ్యాటు పట్టే పిల్లలు దాదాపు అందరూ అప్పటికే కొన్నేళ్లుగా క్రికెట్ ఆడుతున్నవాళ్లే. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు దగ్గరపడినప్పుడు పీఈటీ మాస్టారు "సిక్సులు బాగా కొడతావు కదా, ఇదీ ఆడు" అని పిలిస్తే వచ్చినవాళ్లు. కన్ను చురుగ్గా ఉంటుంది, చేతుల్లో జోరు ఉంటుంది. అయినా మొదట్లో చాలాకాలం బ్యాటు గాలినే కోస్తుంది, లేదంటే బంతి నెత్తి మీద నిటారుగా లేచి వెనక కూర్చున్న క్యాచర్ చేతిలో పడుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లిచ్చే సలహా ఒక్కటే: ఇంకో వంద బంతులు ఆడు. దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. తప్పుడు స్వింగుతో వంద బంతులు ఆడితే ఆ తప్పే ఒంటికి పట్టేస్తుంది. తర్వాత దాన్ని వదిలించడానికి కొత్తగా నేర్చుకోవడం కంటే ఎక్కువ కష్టపడాలి.

ఈ సంగతి తెలిసినవాళ్లు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకు వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి సొంతూరు ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట. లిఫ్టింగ్ నేర్పేవాళ్లెవరూ మొదటి రోజే బరువును నెత్తి మీదకు ఎత్తమనరు. ముందు కర్ర, తర్వాత ఖాళీ రాడ్. నేల నుంచి మోకాలి దాకా ఒక ముక్క, మోకాలి నుంచి తుంటి దాకా ఒక ముక్క, రాడ్ కిందకు దూరడం మరో ముక్క. ఎక్కడ తేడా ఉంటే ఆ ముక్కనే పట్టుకుని దిద్దుతారు. బేస్‌బాల్ స్వింగునూ ఇలాగే విడదీసి నేర్పాలి. మన మైదానాల్లో బంతి విసిరే మెషిన్లు, ఖరీదైన బ్యాటింగ్ వల గదులు లేకపోవడం నిజమే కానీ అసలు లోటు అది కాదు. ఏ డ్రిల్లు ఏ లోపాన్ని దిద్దుతుందో చూసుకోకుండా అందరి చేతా అన్నీ చేయించడమే అసలు లోటు.

ముందు ఈ ఆట క్రికెట్‌కు ఎక్కడ భిన్నమో లెక్కల్లో చూడాలి. క్రికెట్ బ్యాటు వెడల్పు 10.8 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, పైగా ముఖం చదును. బేస్‌బాల్ బ్యాటు గుండ్రం. అమెరికాలో అత్యున్నత పోటీ అయిన మేజర్ లీగ్ నిబంధన ప్రకారం అత్యంత లావైన చోట కూడా 2.61 అంగుళాలు, అంటే 6.6 సెంటీమీటర్లు మించకూడదు. బంతి చుట్టుకొలత 9 నుంచి 9.25 అంగుళాలు. గుండ్రటి కర్ర గుండ్రటి బంతిని తాకుతుంది కాబట్టి, తగిలే చోటు రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే అదే దెబ్బకు బంతి ఒకసారి నేల మీద దొర్లుతుంది, మరోసారి ఆకాశంలోకి లేస్తుంది. పిచర్ (బంతి విసిరేవాడు) నిలబడే పలక నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) దాకా దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి చేయి వదిలిన దగ్గర్నుంచి ప్లేటు చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. ఇందులో స్వింగుకే 0.15 సెకన్ల వరకు పోతుంది. కొట్టాలా వదలాలా అన్నది మిగిలిన పావు సెకనులోనే తేలిపోవాలి. ఈ ఆటలో పదిసార్లు ఆడి మూడుసార్లు హిట్ సాధించినవాణ్ని మంచి బ్యాటర్ అంటారు. 1941లో టెడ్ విలియమ్స్ .406 సగటు సాధించాడు, అంటే వెయ్యిసార్లకు 406 హిట్ల లెక్క. ఆ తర్వాత మేజర్ లీగ్‌లోని అమెరికన్, నేషనల్ లీగుల్లో ఒక సీజన్ మొత్తం మీద .400 సగటు అందుకున్నవాడు లేడు.

క్రికెట్ అలవాట్లలో కొన్ని ఇక్కడ అడ్డం పడతాయి. బ్యాటును నేల దగ్గర నుంచి పైకి తేవడం, మోచెయ్యి ఎత్తి నిలువు బ్యాటుతో ఆడటం, బంతి పిచ్ అయ్యే చోటికి కాలు చాపడం, లెగ్ సైడ్ వెనక్కి మెల్లగా తిప్పి పరుగు తీయడం. ఇక్కడ బంతి నేలను తాకకుండానే వస్తుంది. మైదానంలో ఫౌల్ గీతల మధ్యనున్న 90 డిగ్రీల మేరే ఆటలోకి వస్తుంది, దాని బయట పడితే ఫౌల్. కొట్టబోయి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులైతే ఔట్ కాబట్టి "మంచి బంతి వచ్చేదాకా ఆగుదాం" అని గంటసేపు నిలబడటం కుదరదు. ఉపయోగపడే అలవాట్లూ ఉన్నాయి. పుల్ షాట్, స్లాగ్ స్వీప్ బాగా ఆడేవాడికి తుంటి తిప్పడం వేరే నేర్పక్కర్లేదు. ఫార్వర్డ్ డిఫెన్స్‌లో చేతులు వదులుగా ఉంచి బంతిని కాళ్ల దగ్గరే చంపేవాడు బంట్‌ను (బ్యాటు అడ్డుపెట్టి బంతిని మెల్లగా దగ్గర్లోనే పడేయడం) రెండు పూటల్లో నేర్చుకుంటాడు. వాడి విషయంలో అక్కడ సమయం వృథా చేయొద్దు.

పట్టు గురించి ఒక్కమాట. బ్యాటు అరచేతిలో కాదు, వేళ్లలో ఉండాలి. తలుపు తట్టేటప్పుడు తగిలే కణుపులు రెండు చేతులవీ ఇంచుమించు ఒకే వరసలో రావాలి. గట్టిగా బిగిస్తే మణికట్టు కదలదు.

ఇక టీ. నిలువు గొట్టం మీద బంతి పెట్టి కొట్టడాన్ని మన పిల్లలు చిన్నపిల్లల ఆటలా చూస్తారు. కదలని బంతిని కొట్టడంలో గొప్పేముంది అనుకుంటారు. శాన్ డియేగో జట్టుకు 20 సీజన్లు ఆడి, .338 కెరీర్ సగటుతో, ఎనిమిదిసార్లు లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన టోనీ గ్విన్ సాధనలో టీకి పెద్ద పీట ఉండేది. బంతి కదలదు కాబట్టి టీ మీద తప్పు జరిగితే అది పూర్తిగా స్వింగులోదే. పిచర్ మీదకో వెలుతురు మీదకో నెట్టడానికి లేదు.

టీ కొనక్కర్లేదు. పాత పెయింట్ డబ్బాలో అంగుళంన్నర పీవీసీ పైపు నిలబెట్టి సిమెంటు పోస్తే దిమ్మె తయారు. అందులో దూరే సన్నటి పైపు మరొకటి తీసుకుని, నాలుగైదు చోట్ల కన్నాలు వేసి మేకు గుచ్చితే ఎత్తు మార్చుకోవచ్చు. పై చివర పాత సైకిల్ ట్యూబును రెండు మడతలు చుట్టాలి. బంతి దాని మీద నిలుస్తుంది, బ్యాటు పైపుకు తగిలినా రబ్బరు వంగి దెబ్బ తీసుకుంటుంది. ట్యూబు చుట్టకపోతే రెండు వారాల్లో పైపు పగులుతుంది, బ్యాటు కూడా దెబ్బతింటుంది. ఎదురుగా వల కట్టాలి. కళింగపట్నం, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో పాత చేపల వలలు దొరుకుతాయి. సన్నటి నరం వల పనికిరాదు, లావు దారంతో అల్లినదై, కన్ను బంతి కంటే బాగా చిన్నదై ఉండాలి. బిగించి కడితే బంతి తిరిగి మొహం మీదకు వస్తుంది. పరదాలా వదులుగా వేలాడదీస్తే బంతి జోరు వలలోనే చచ్చిపోతుంది.

టీని ఎక్కడ పెట్టాలన్నది అందరూ తప్పు చేసే చోటు. ప్లేటు మధ్యలో పెట్టి, బ్యాటర్ దాని పక్కనే నిలబడి కొడతాడు. మ్యాచ్‌లో బంతి తగలాల్సింది అక్కడ కాదు. మధ్యలో వచ్చే బంతిని ముందు కాలికి ఎదురుగా కొట్టాలి. ఒంటికి దగ్గరగా లోపలికి వచ్చేదాన్ని ఇంకాస్త ముందు, దూరంగా బయటికి పోయేదాన్ని కొంచెం లోపలికి రానిచ్చి కొట్టాలి. అంటే ఒక్క టీకే మూడు స్థానాలు. ప్రతి స్థానంలో ఎనిమిదేసి, పదేసి బంతులు. లోపలి బంతి కుడిచేతి బ్యాటర్‌కు ఎడమ వైపు పోవాలి, మధ్య బంతి నేరుగా, బయటి బంతి కుడి వైపు. బయటి బంతిని కూడా బలవంతంగా ఎడమకు లాగేవాడి దెబ్బ మైదానంలో మెత్తగా దొర్లి, ఎడమ వైపు కాచుకునే ఫీల్డర్ షార్ట్‌స్టాప్ చేతిలో పడుతుంది. వల మీద టీ ఎత్తులోనే ఒక గుడ్డముక్క కట్టి దానికి గురిపెట్టమనాలి. గురి లేని టీ సాధన చేతులకు వ్యాయామం మాత్రమే.

వెనక భుజం దించి బంతిని కింద నుంచి లేపేవాడికి టీ ఎత్తును ఛాతీ దాకా పెంచాలి. ఆ ఎత్తులో భుజం దించితే బ్యాటు పైపుకే తగులుతుంది లేదా బంతి వల పైకి పోతుంది. మాస్టారు నోరు నొప్పెట్టేలా "భుజం దించకురా" అని అరవనక్కర్లేదు, టీయే చెప్పేస్తుంది. మంచి డ్రిల్లుకు ఇదే గుర్తు: తప్పు చేస్తే పక్కవాళ్లు చెప్పకముందే చేసినవాడికి తెలియాలి.

చేతులు ముందే చాపేసి బ్యాటును చీపురులా చుట్టూ తిప్పడం రెండో పెద్ద జబ్బు. ఫుల్ టాస్‌లను మిడ్‌వికెట్ మీదుగా ఊడ్చి అలవాటైనవాళ్లలో ఇది ఎక్కువ. దీనికి బ్యాటు పిడి చివర పొట్టకు ఆనించి, మొన తగిలేంత దూరంలో ఒక గోనె సంచి వేలాడదీసి, అక్కడే నిలబడి స్వింగ్ చేయించాలి. గోడ వద్దు, బ్యాటూ చేతులూ దెబ్బతింటాయి. పిడి ముందు బంతి వైపు వెళ్లి, మొన తర్వాత వస్తే సంచికి తగలదు. చేతులు చాపితే తగులుతుంది. గోగునార సంచులకు విజయనగరం జిల్లాలో కొదవ లేదు. బంతి లేకుండా చేసే ఈ పనికి రోజుకు ఐదు నిమిషాలు చాలు, ఖాళీగా ఉన్న వరండాలో కూడా చేసుకోవచ్చు.

అడుగు వేయడం దగ్గర పాడయ్యేవాళ్లుంటారు. ముందు కాలు వేస్తూనే ఒళ్లంతా ముందుకు పడిపోతుంది, తల కదులుతుంది, నెమ్మదైన బంతి వస్తే మోసపోతారు. వీళ్ల చేత అడుగు వేసి ఆగమని, రెండు అంకెలు లెక్కపెట్టాక స్వింగ్ చేయమని చెప్పాలి. ఆగిన క్షణంలో చేతులు వెనక భుజం దగ్గరే ఉన్నాయా, బరువు ఇంకా వెనక కాలి మీద ఉందా చూడాలి. జపాన్‌లో 868 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సు లాంటివి) కొట్టిన సదహారు ఓ అనే ఆటగాడి కథ ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. 1961లో అతను కొట్టినవి 13. స్వింగుకు ముందు చేతులు అనవసరంగా కదలడం అతని లోపం. కోచ్ అరకావా దాన్ని పట్టుకుని, ముందు కాలు పైకెత్తి ఒంటికాలి మీద నిలబడి ఎదురుచూసే పద్ధతి అలవాటు చేశాడు. వేలాడదీసిన కాగితాన్ని కత్తితో కోయించాడు. 1962లో హోమ్ రన్లు 38 అయ్యాయి. ఆ ఒంటికాలి పద్ధతిని చూసి మనమూ కాలెత్తితే లాభం లేదు. అది అతని లోపానికి దొరికిన మందు.

టీ మీద పదికి ఏడెనిమిది బంతులు గురికి దగ్గరగా పోతున్నప్పుడు సాఫ్ట్ టాస్‌కు వెళ్లాలి. తోడున్నవాడు బ్యాటర్‌కు ఎదురుగా కాకుండా పక్కకు, కాస్త ముందుకు మోకాళ్ల మీద కూర్చుని, బంతిని ముందుగా చూపించి, కింది చేత్తో బ్యాటర్ ముందు తుంటి ఎదుటికి విసరాలి. గాల్లోకి ఎత్తి వేస్తే బంతి పై నుంచి కిందకు పడుతుంది, మ్యాచ్‌లో అలాంటి బంతి రాదు. బల్లపరుపుగా రావాలి. విసిరేవాడి స్థానం బ్యాటు తిరిగే మేరకు బయట ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. పిల్లల్లో ఎక్కువ దెబ్బలు తగిలేది ఇక్కడే. తమ వంతు రానివాళ్లు చేతిలో బ్యాటు ఊపకూడదనే నియమం మొదటి రోజే పెట్టాలి, హెల్మెట్ లేకుండా విసిరిన బంతి ఆడనివ్వకూడదు.

అసలు కష్టం టైమింగ్. గట్టిగా వేసే పిచర్లు లేనిచోట దాన్నెలా సాధించాలి? జవాబు దూరంలో ఉంది. హైస్కూలు పిచర్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వేశాడనుకుందాం. చేయి ముందుకు వచ్చాకే వదులుతాడు కాబట్టి బంతి ప్రయాణించేది దాదాపు 16.7 మీటర్లు, పట్టే సమయం 0.6 సెకన్లు. తొమ్మిది మీటర్ల దూరం నుంచి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో విసిరినా పట్టేది అదే 0.6 సెకన్లు. ఆ వేగం ఎవరైనా మాస్టారు భుజం నొప్పి లేకుండా విసరగలిగేదే. ముందు ఒక చెక్క చట్రానికి వల కట్టుకుని, దాని పక్క నుంచి చేయి మాత్రం బయటపెట్టి విసరాలి. వల లేకుండా ఆ దూరంలో నిలబడటం ప్రమాదం. ఇంకో మీటరు ముందుకు జరిగితే వేగం పెరిగినట్టే, వెనక్కి జరిగితే తగ్గినట్టే. వరసగా ఒకే వేగంతో వేయకుండా, అదే చేయి కదలికతో మధ్య మధ్య నెమ్మదైన బంతి కలపాలి. మెషిన్ ఉన్నవాళ్లకు కూడా ఈ సాధన అవసరం. మెషిన్‌కు భుజం ఉండదు, బ్యాటర్ చూసి నేర్చుకోవాల్సింది పిచర్ భుజాన్నీ చేతినీ.

కళ్ల సాధనను మన దగ్గర దాదాపు ఎవరూ పట్టించుకోరు. దీనికి పైసా ఖర్చు లేదు. పిచర్లు సాధన చేస్తున్నప్పుడు బ్యాటర్ హెల్మెట్ పెట్టుకుని ప్లేటు దగ్గర నిలబడాలి. బ్యాటు ఊపకూడదు. బంతి చేయి వదిలిన వెంటనే "స్ట్రైక్" లేదా "బాల్" అని అరవాలి. క్యాచర్ అది నిజమో కాదో చెబుతాడు. స్ట్రైక్ అనిపించుకునే పెట్టె వెడల్పు హోమ్ ప్లేట్‌దే, 17 అంగుళాలు, ఎత్తు మోకాళ్ల దగ్గర నుంచి ఛాతీ కింది దాకా. దాని బయట పోయేది బాల్. ఈ పెట్టెను కళ్లలో నింపుకోనివాడు ఎంత అందంగా స్వింగ్ చేసినా బయటి బంతుల వెంటపడి ఔటవుతాడు. క్రికెట్‌లో ఆఫ్ స్టంప్ బయట బంతిని వదలడం నేర్చుకున్నవాళ్లు దీన్ని త్వరగా పట్టేస్తారు.

డొమినికన్ రిపబ్లిక్‌లో పిల్లలు పెద్ద నీళ్ల సీసాల మూతలను చీపురు కర్రలతో కొట్టే ఆట ఆడతారు, పేరు విటియా. ఆ చిన్న దేశం నుంచి మేజర్ లీగ్‌కు ఏటా పదుల సంఖ్యలో ఆటగాళ్లు వెళ్తుంటారు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ మూతలు ఇప్పుడు మన ప్రతి వీధిలోనూ దొరుకుతున్నాయి. మూత గాల్లో వంకరగా తిరుగుతుంది, ఆలస్యంగా దిగుతుంది. సన్నటి కర్రతో దాన్ని తాకాలంటే తల కదలకుండా చివరి దాకా చూడక తప్పదు. డాన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు క్రికెట్ స్టంపుతో గోల్ఫ్ బంతిని కొట్టుకుంటూ పెరిగాడన్నది క్రికెట్ లోకానికంతా తెలిసిందే. సన్నటి కర్రతో చిన్న వస్తువును కొట్టినవాడికి అసలు బ్యాటు వెడల్పుగా కనిపిస్తుంది. కర్రా బిళ్లా ఆడిన తరానికి ఈ నైపుణ్యం వీధిలోనే అబ్బింది. ఇప్పటి పిల్లలకు దాన్ని పనిగట్టుకుని నేర్పాల్సి వస్తోంది.

మామిడి కొమ్మకు తాడుతో పాత సాక్సులో బంతి వేలాడదీసి కొట్టడం ఊళ్లలో చాలామంది చేసే పనే. పర్వాలేదు కానీ దానికి పరిమితి ఉంది. బంతి వెనక్కి ఊగి వచ్చేటప్పుడు వచ్చే దారి పిచర్ బంతిది కాదు. తీరపు గాలికి ఊగుతూ ఉంటే కొట్టేవాడి సర్దుబాట్లు కూడా గాలి కోసమే అవుతాయి. ఒంటరిగా సాధన చేయాల్సి వచ్చినప్పుడు, టీ లేనప్పుడు వాడుకోవచ్చు.

ఎంత చేయాలన్న దాని మీద కూడా తప్పుడు లెక్కలున్నాయి. రోజుకు మూడు వందల స్వింగులని గొప్పగా చెప్పుకునేవాళ్లుంటారు. పదేసి బంతుల చొప్పున, మధ్యలో ఒకటి రెండు నిమిషాల విరామంతో ఏడెనిమిది విడతలు చాలు. వరసగా రెండు బంతులు గురి తప్పితే ఆగాలి, ఊపిరి తీసుకోవాలి. అలసిన ఒళ్లు చేసే స్వింగు వేరే స్వింగు. సంక్రాంతి వెళ్లాక కోతలైన పొలాల్లో ఉదయం పూట చేసుకోవడానికి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత మొదలయ్యేలోపే, అంటే ఉదయం ఎనిమిదిలోపు ముగించాలి. మ్యాచ్‌కు ముందు బ్యాటుకు బరువు రింగు తగిలించి ఊపితే వేగం పెరుగుతుందనే నమ్మకం బలంగా ఉంది. తేలిగ్గా ఉన్నట్టు అనిపించడం నిజమే కానీ, కొలిచి చూసినప్పుడు బ్యాటు వేగం పెరగలేదనీ, కొన్నిసార్లు తగ్గిందనీ పరిశోధనలు చూపాయి. ఆడబోయే బ్యాటుతోనే ఊపడం మేలు.

వారానికి ఒకసారైనా సాధనను ఆటగా మార్చాలి. పిచర్, క్యాచర్, ఒక అంపైర్, లెక్క ఒక బాల్ రెండు స్ట్రైకుల దగ్గర మొదలు. ఆ ఒత్తిడిలో బ్యాటర్ పాత అలవాట్లన్నీ బయటపడతాయి. నోటు పుస్తకంలో హిట్లు ఎన్నో రాసుకోవడం కంటే ఫౌల్ బంతులు ఎటు పోయాయో రాసుకోవడం ఎక్కువ పనికొస్తుంది. కుడిచేతి బ్యాటర్ కొట్టిన ఫౌల్ నేరుగా వెనక్కి పోతే టైమింగ్ కుదిరినట్టే, బ్యాటు మాత్రం బంతి కింద నుంచి పోతోంది: మర్నాడు ఛాతీ ఎత్తు టీ. పదేపదే కుడి వైపు పోతుంటే స్వింగ్ ఆలస్యం: విసిరేవాడు మీటరు ముందుకు జరగాలి, గోనె సంచి దగ్గర ఐదు నిమిషాలు గడపాలి. ఎడమ వైపు పోతుంటే తొందర: అడుగు వేసి ఆగే సాధన, నెమ్మదైన బంతులు కలిపి విసరడం. బంతి అసలు తగలకుండా పోతుంటే ముందు బ్యాటు పక్కన పెట్టి, ఒక పూట ప్లేటు దగ్గర నిలబడి స్ట్రైకో బాలో అరవమనాలి.